ద లాజ్ బ్యాండ్ ఏకైక ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లివర్‌పూల్ బ్యాండ్ ద లాజ్ 1990లో ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ తెచ్చింది. దానికీ బ్యాండ్ పేరే పెట్టారు. పన్నెండు పాటలు, ముప్పావు గంట కూడా ఉండదు. ఆ పాటలు రాసి పాడిన లీ మేవర్సే ఆ రికార్డు తనకు నచ్చలేదని ఊరంతా చెప్పాడు. అప్పట్నుంచి పాటల కంటే వాటి వెనుక కథల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. కొత్తగా వినే ప్రతివాళ్లకూ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## వినక ముందు

అసలు ఎవరీ ద లాజ్? పేరే ఎప్పుడూ వినలేదు.

1983లో లివర్‌పూల్‌లో మైక్ బ్యాడ్జర్ మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. మరుసటి ఏడాది లీ మేవర్స్ వచ్చి చేరాడు. మెల్లగా పాటల బాధ్యతంతా అతని చేతికి వచ్చింది, కొన్నాళ్లకు బ్యాడ్జర్ బయటికి వెళ్లిపోయాడు. 1986లో బేస్ గిటార్ వాయించడానికి వచ్చిన జాన్ పవర్ 1991 చివరిదాకా మేవర్స్ పక్కన నిలబడ్డాడు. మిగతా స్థానాల్లో మనుషులు మారుతూనే ఉన్నారు. 1987లో గో! డిస్క్స్ అనే లండన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది, 1990 అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది. లివర్‌పూల్ కుర్రాళ్లు ఒకర్నొకరు "లా" అని పిలుచుకుంటారు. బ్యాండ్ పేరు అక్కడిదే.

"దేర్ షి గోజ్" పాట సిక్స్‌పెన్స్ నన్ ద రిచర్ వాళ్లది కదా?

కాదు, రాసింది లీ మేవర్స్. ద లాజ్ దాన్ని 1988 చివర్లో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో పని లేకుండా విడి రికార్డుగా, విడుదల చేసినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లో మళ్లీ వదిలితే బ్రిటన్ చార్టులో 13వ స్థానం దాకా వెళ్లింది. 1993లో ఒక హాలీవుడ్ కామెడీ సినిమా కోసం ద బూ రాడ్లీస్ దాన్ని పాడారు. అమెరికన్ బ్యాండ్ సిక్స్‌పెన్స్ నన్ ద రిచర్ పాడిన వెర్షన్ 1999లో రేడియోల్లో మోగిపోయింది. మన దగ్గర చాలామంది చెవిన మొదట పడింది ఆ మెత్తటి ఆడగొంతే, అందుకే ఈ పొరపాటు. రెండూ పక్కపక్కనే విని చూడండి. సిక్స్‌పెన్స్ వాళ్ల పాట హాయిగా సాగిపోతుంది. మేవర్స్ గొంతులో మాత్రం ఏదో చేజారిపోతున్నట్టు ఒక తహతహ ఉంటుంది. నాకు ఆ పాట అంటే ఆ తహతహే.

ఇది పవర్ పాపా, జాంగిల్ పాపా, బ్రిట్‌పాపా? ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు.

ఏ మాట వాడినా దానికో కారణం ఉంది. "పవర్ పాప్" అన్న మాటను 1967లో ద హూ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తమ సంగీతం గురించి చెబుతూ వాడాడు. తర్వాత బ్యాడ్‌ఫింగర్, రాస్ప్‌బెర్రీస్, బిగ్ స్టార్, చీప్ ట్రిక్ లాంటి బ్యాండ్లతో అదొక బాటగా స్థిరపడింది. చిన్న పాట, వెంటనే నోటికి పట్టే వరస, బిగువైన గిటార్లు, అనవసరమైన స్వరం ఒక్కటీ ఉండకపోవడం దాని లక్షణాలు. ఈ ఆల్బమ్‌లో మూడు నిమిషాలలోపు ముగిసే పాటలే ఎక్కువ. "ఐ కాంట్ స్లీప్" మొదట్లో పడే గిటార్ దెబ్బ నేరుగా ద హూ ఇంటి నుంచి వచ్చినదే.

"దేర్ షి గోజ్"లో గలగలమనే గిటార్ విని జాంగిల్ పాప్ అంటారు. ఒయాసిస్ లాంటి బ్యాండ్లకు దారి చూపింది కాబట్టి బ్రిట్‌పాప్‌కు, అంటే 1990ల మధ్యలో బ్రిటన్‌ను ఊపేసిన గిటార్ పాప్‌కు, ముందుమాట అనేవాళ్లూ ఉన్నారు. ఇంకో చుట్టరికం కూడా చెప్పాలి. "దేర్ షి గోజ్"ని రికార్డు చేసిన బాబ్ ఆండ్రూస్ 1970లలో బ్రిన్స్లీ ష్వార్ట్జ్ బ్యాండ్‌లో కీబోర్డు వాయించాడు. బ్రిటిష్ పవర్ పాప్‌కు పెద్ద దిక్కుల్లో ఒకడైన నిక్ లో కూడా అదే బ్యాండ్ మనిషి. నన్నడిగితే మేవర్స్ పాటల కట్టు పవర్ పాప్‌ది, గొంతు లివర్‌పూల్ వీధిది.

ఇంగ్లిష్ రాక్ అస్సలు అలవాటు లేదు. నాకు ఎక్కుతుందా?

ఎక్కుతుంది. ఇందులో పొడుగాటి గిటార్ సోలోలు, చెవులు గింగురుమనే హోరు లేవు. అకూస్టిక్ గిటారు, పల్లెపాటలా సూటిగా ఉండే వరసలు, ఒకరి వెనక ఒకరు గొంతు కలపడం, అంతే. "దేర్ షి గోజ్", "టైమ్‌లెస్ మెలొడీ", "సన్ ఆఫ్ ఎ గన్" ఈ మూడూ ముందు వినండి. నచ్చితే ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి వరసగా పెట్టుకోండి. మొత్తం 35 నిమిషాలే.

యాప్‌లో పన్నెండు కంటే చాలా ఎక్కువ ట్రాకులు కనిపిస్తున్నాయి. ఏవి అసలు ఆల్బమ్‌వి?

మొదటి పన్నెండు. "సన్ ఆఫ్ ఎ గన్"తో మొదలై "లుకింగ్ గ్లాస్"తో ముగుస్తాయి. మధ్యలో వరసగా "ఐ కాంట్ స్లీప్", "టైమ్‌లెస్ మెలొడీ", "లిబర్టీ షిప్", "దేర్ షి గోజ్", "డోల్‌డ్రమ్", "ఫీలిన్", "వే అవుట్", "ఐ.ఓ.యూ.", "ఫ్రీడమ్ సాంగ్", "ఫెయిల్యూర్" ఉంటాయి. తర్వాత కనిపించేవన్నీ కొత్త ముద్రణల్లో కలిపినవి: సింగిల్స్ వెనకవైపు పాటలు, వేరే సెషన్ల రికార్డింగులు. మొదటిసారి వింటున్నప్పుడు "లుకింగ్ గ్లాస్" అయిపోగానే ఆపేయండి. ఆ పాట ముగిసిన వెంటనే ఇంకో డెమో (నమూనా రికార్డింగు) మొదలైతే ముగింపు బలమంతా పోతుంది.

## పాటలు వింటున్నప్పుడు

"దేర్ షి గోజ్"లో చరణాలు ఎక్కడున్నాయి? ఒకటే తిరుగుతున్నట్టుంది.

మీ చెవి సరిగ్గానే పట్టింది. అందులో చరణాలే లేవు. ఒక పల్లవి, మధ్యలో ఒక చిన్న మలుపు, మళ్లీ అదే పల్లవి. సినిమా పాటలో పల్లవి తర్వాత బీజీఎం, చరణం, మళ్లీ పల్లవికి రావడం అలవాటైన మనకు మొదట ఇదేదో సగం పాటలా తోచవచ్చు. ఆ పల్లవిలోనే ఎదురుచూపు, కనిపించిన క్షణం, చేజారడం మూడూ ఉన్నాయి. చరణం పెట్టి కథ చెప్పడం మొదలుపెడితే ఆ క్షణం కరిగిపోయేది. మొదట్లో వచ్చే గిటార్ వరసను కూడా గమనించండి. గొంతు పాడబోయే వరసను అది ముందే మోసుకొస్తుంది, పాట పొడుగునా మళ్లీ మళ్లీ పలకరిస్తుంది. రెండు నిమిషాల నలభై సెకన్ల చిల్లరలో ఇంత పూర్తిగా ఉన్న పాటలు తక్కువ.

ఆ పాట హెరాయిన్ గురించట కదా?

ఈ ప్రచారం పాటంత పాతది. ఆమె తలలో పరుగెడుతోందని, నరాల్లో కొట్టుకుంటోందని పాటలో ఉంటుంది. అక్కడి నుంచే ఈ అర్థం లాగారు. బ్యాండ్‌లో గిటార్ వాయించిన పాల్ హెమింగ్స్ దీన్ని ఖండించాడు. ప్రేమలో పడ్డ మనిషి ఒంటి స్థితిని చెప్పడానికి ఏ భాషలోనైనా ఇలాంటి మాటలే దొరుకుతాయి. మన జావళుల్లో విరహంతో ఒళ్లు కాగిపోయే నాయికలకు ఎవరూ జ్వరం మందు రాసివ్వలేదు కదా! నేనైతే ఈ పాటను ప్రేమ పాటగానే వింటాను.

మిగతా పాటల్లో మాటలు దేని గురించి? అన్నీ ప్రేమ గీతాలేనా?

కావు, ప్రేమ పాటలే తక్కువ. ఈ పాటలు పుట్టిన కాలం 1980ల మధ్య. రేవు మీద బతికిన లివర్‌పూల్‌లో అప్పటికి రేవు పనులు పోయాయి, నిరుద్యోగం ఇంటింటా ఉంది. "డోల్‌డ్రమ్" ఆ ఖాళీ రోజుల పాటే. ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి మీద బతికే వాళ్ల స్తబ్ధతను విచిత్రంగా హుషారైన తాళంలో పాడతారు. "సన్ ఆఫ్ ఎ గన్"లో ఉన్నది ఇరవయ్యో శతాబ్దం కాల్చేసి వదిలిన మనిషి, తన తలలోనే ఖైదీగా మిగిలాడు. "లిబర్టీ షిప్" అన్న పేరులో రెండో ప్రపంచ యుద్ధకాలపు సరుకుల ఓడ ఉంది. "వే అవుట్", "ఫ్రీడమ్ సాంగ్", "ఫెయిల్యూర్" పేర్లు చూసినా తెలుస్తుంది: బయటపడే దారి, స్వేచ్ఛ, ఓటమి. ఇరుకులో ఉన్నవాడి మనసు అటూ ఇటూ తిరుగుతున్నట్టే ఉంటుంది.

"టైమ్‌లెస్ మెలొడీ" పాట గురించి రాసిన పాట. మనసులో రాగం ఉంది, దాన్ని చెప్పడానికి మాట దొరకడం లేదు. బ్యాండ్‌కు ఆ తర్వాత ఏమైందో తెలిశాక వింటే ఈ పాట గుండెను మెలిపెడుతుంది. తలలో వినిపిస్తున్నదాన్ని టేపు మీదికి దించలేక ఏళ్ల తరబడి నలిగిపోయిన మనిషి రాసిన పాట అది.

1990 రికార్డింగులా లేదే, ఎప్పటిదో పాతదిలా వినిపిస్తోంది?

వాళ్లు కావాలనే అలా చేశారు. అప్పటి బ్రిటన్‌లో డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లు, గదంతా మార్మోగే పెద్ద ప్రతిధ్వనులు రాజ్యమేలుతున్నాయి. పక్క ఊరు మాంచెస్టర్‌లో గిటార్ బ్యాండ్లు కూడా డాన్స్ తాళాల వైపు నడుస్తున్నాయి. మేవర్స్ వాటి వంక చూడలేదు. 1960ల బీట్ సంగీతం, బ్లూస్, రాక్ అండ్ రోల్ తొలినాళ్ల రికార్డుల్లో ఉండే పచ్చిదనం అతనికి కావాలి. అందుకే ఈ ఆల్బమ్‌కు వయసు తెలియదు. అదే ఏడాది వచ్చిన ఎన్నో రికార్డులు మొదటి డ్రమ్ దెబ్బకే తారీఖు చెప్పేస్తాయి, ఇది చెప్పదు.

చివరి పాట ఒక్కటే ఎందుకంత పొడుగు?

"లుకింగ్ గ్లాస్" దాదాపు ఎనిమిది నిమిషాలు. అంతకుముందు పాటలు ఒకదాని వెనక ఒకటి చకచకా వచ్చి వెళ్లిపోయాక ఇది ఆగి నిలబడుతుంది. ఒంటరి గొంతుతో, నెమ్మదైన గిటార్‌తో మొదలవుతుంది. అద్దంలో చూసుకునే మనిషి, మారిపోతున్న లోకం. చివర్లో వేగం అంచెలంచెలుగా పెరిగి అన్ని వాద్యాలూ ఒకదానిమీద ఒకటి పడుతూ ఉధృతమవుతాయి. మొదటి నాలుగు నిమిషాలకే విసుగొచ్చి మార్చేసేవాళ్లు చాలామంది. దయచేసి మార్చకండి. ఆ పరుగు అందాలంటే ఆ నడక కావాలి.

బలహీనమైన పాటలు లేవా? అందరూ పొగడటమేనా?

ఉన్నాయి. "ఫెయిల్యూర్"లో కోపం ఉంది కానీ, మేవర్స్ మిగతా పాటల్లో ఉండే సొగసైన వరస లేదు. "ఐ.ఓ.యూ." బాగుంటుంది, అయినా గుర్తుండదు. నా లెక్కలో మొదటి అయిదు పాటల వరసకు సాటి రాగల ఆల్బమ్‌లు చాలా తక్కువ. రెండో సగంలో "వే అవుట్", "లుకింగ్ గ్లాస్" ఆ స్థాయిని అందుకుంటాయి.

## తయారీ వెనుక

ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కదా? ఈ కథలో ప్రొడ్యూసర్లను అన్నిసార్లు మార్చడం ఏమిటి?

సినిమా నిర్మాత వేరు, రికార్డు ప్రొడ్యూసర్ వేరు. ఇక్కడ డబ్బు పెట్టేది రికార్డు కంపెనీ. ప్రొడ్యూసర్ స్టూడియోలో కూర్చుని మైకు ఎక్కడ పెట్టాలి, ఏ టేకు ఉంచాలి, గిటార్ ఎంత వినిపించాలి అన్నవి తేల్చేవాడు. సినిమాతో పోలిస్తే దర్శకుడికి దగ్గర. కాబట్టి ప్రొడ్యూసర్ మారితే అవే పాటలు వేరే రూపంలో వస్తాయి.

పన్నెండు పాటలకు అన్నేళ్లు ఎందుకు పట్టింది?

పాటలు లేక కాదు. ఆల్బమ్‌లోని పాటల్లో చాలావరకు ఒప్పందం కుదిరే నాటికే వేదికల మీద వాయిస్తున్నవి. చిక్కంతా రికార్డింగు దగ్గర వచ్చింది.

తొలినాళ్లలో చవకగా, త్వరత్వరగా తీసుకున్న డెమో టేపుల్లో ఒక ప్రాణం ఉండేది. మేవర్స్ చెవికి అది కొలమానమైపోయింది. పెద్ద స్టూడియోకి వెళ్లి శుభ్రంగా రికార్డు చేస్తే ఆ ప్రాణం పోతోందని అతని బాధ. 1987 నుంచి 1990 దాకా ఎందరో ప్రొడ్యూసర్లు మారారు: అంతకుముందు ద స్మిత్స్ బ్యాండ్‌తో పనిచేసిన జాన్ పోర్టర్, తర్వాత ద స్టోన్ రోజెస్ ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న జాన్ లెకీ, బాబ్ ఆండ్రూస్, జెరెమీ అల్లమ్, మైక్ హెడ్జెస్ ఇలా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వీళ్లలో చేతకానివాడు ఒక్కడూ లేడు. ప్రతిసారీ అవే పాటలు, మళ్లీ మొదటి నుంచి. ప్రతిసారీ ఏదో కుదరలేదని పక్కన పెట్టేయడం. "టైమ్‌లెస్ మెలొడీ" 1989లో సింగిల్‌గా సిద్ధమయ్యాక కూడా వెనక్కి తీసుకున్నారు.

ఈ మధ్యలో మనుషులు కూడా మారిపోయేవారు. గిటార్ దగ్గర పాల్ హెమింగ్స్, బ్యారీ సటన్, పీటర్ క్యామెల్ వచ్చారు. డ్రమ్స్ దగ్గర కూడా అదే తంతు. కొత్త మనిషి వస్తే బ్యాండ్ ఊపు మారుతుంది, అప్పటిదాకా తీసిన టేపులు పాతబడిపోతాయి. ఒక్కడి పట్టుదలను తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. నిలకడైన బృందం రెండేళ్లు కుదిరి ఉంటే కథ ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

మిక్సింగ్ బల్ల (స్టూడియోలో శబ్దాలన్నీ కలిపి సరిచేసే పరికరం) మీద అరవైల నాటి దుమ్ము లేదని మేవర్స్ స్టూడియోనే వద్దన్నాడట, నిజమా?

ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న కథ ఇది. రుజువుతో చూపినవాళ్లు లేరు. పుట్టించింది ఎవరైనా, మేవర్స్‌ను పిచ్చివాడిలా చూపడానికి పనికొచ్చింది. పాత పరికరాల మీద అతనికి మక్కువ ఉన్న మాట మాత్రం వాస్తవం. దానికి సాంకేతికమైన ఆధారం ఉంది: పాత వాల్వ్ ఆంప్లిఫయర్లు, పాత బల్లలు గట్టి శబ్దాన్ని కాస్త వంచి, గుండ్రంగా చేసి ఇస్తాయి. ఆ తేడా మామూలు చెవికే తెలుస్తుంది. మైక్ హెడ్జెస్ దగ్గర బీటిల్స్ పాటలు రికార్డయిన అబీ రోడ్ స్టూడియో పాత బల్ల ఉండేది కూడా. దుమ్ము కథను ప్రచారం చేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

మరి చివరికి ఆల్బమ్ ఎలా పూర్తయింది?

1989 చివర్లో స్టీవ్ లిల్లీవైట్‌ను పిలిచారు. ఐరిష్ బ్యాండ్ యూ2 తొలి మూడు ఆల్బమ్‌లు చేసిన ప్రొడ్యూసర్ అతను. లండన్‌లోని ఈడెన్ స్టూడియోలో 1990 మొదట్లోకి పని సాగింది. ఈసారీ బ్యాండ్‌కు తృప్తి కలగలేదు, మధ్యలోనే చెయ్యి వదిలేశారు. అప్పటికే చాలా ఖర్చు పెట్టిన కంపెనీ ఇక ఆగలేక, ఉన్న టేపులతో ఆల్బమ్ పూర్తిచేయించింది. లిల్లీవైట్ దొరికిన టేకులను ఏరి, కూర్చి, మిక్స్ చేశాడు. "దేర్ షి గోజ్" ఒక్కటీ 1988లో బాబ్ ఆండ్రూస్ తీసినదే. దాన్ని లిల్లీవైట్ మళ్లీ మిక్స్ చేశాడు. 1990 అక్టోబరు 1న రికార్డు అంగళ్లలోకి వచ్చింది.

లీ మేవర్స్‌కు ఏం నచ్చలేదు? వింటే బాగానే ఉంది కదా!

తర్వాత అసలు పాట పాడేటప్పుడు దారి చూపడానికి ముందుగా పాడి పెట్టుకునే గొంతును ఆల్బమ్‌లో వాడేశారని అతని ఫిర్యాదు. వాద్యాల్లో తాను కోరుకున్న ఒరిపిడి, ఊపు రాలేదన్నాడు. ఆల్బమ్ ప్రచారం కోసం ఏర్పాటైన ఇంటర్వ్యూల్లోనే ఈ మాటలు చెప్పాడు. తన ఆల్బమ్ అమ్మకానికి వచ్చిన వారాల్లో అలా మాట్లాడే కళాకారుడు అరుదు.

అతని మాటలో నిజం లేకపోలేదు. బీబీసీ రేడియో కోసం వాయించిన పాత సెషన్లు విన్నాక ఆల్బమ్‌కు వస్తే కొన్నిచోట్ల శబ్దం కాస్త మర్యాదగా, దూరంగా ఉన్నట్టు తెలుస్తుంది. అయినా ఆ "దారి చూపే" గొంతులోని తొందర, అరుపుకూ పాటకూ మధ్య ఊగే ఆ తీరు నాకు ఈ ఆల్బమ్‌కు ఆయువుపట్టు. జాగ్రత్తగా మళ్లీ పాడి ఉంటే అది మిగిలేదని అనుకోను.

చేసినవాడే వద్దన్న ఆల్బమ్‌ను వినడం, మెచ్చుకోవడం తప్పు కాదా?

దీని గురించి చాలా ఆలోచించాను. తప్పు కాదనే నా అభిప్రాయం, కారణాలు చెబుతాను.

ఇది దొంగచాటుగా బయటికి వచ్చిన టేపు కాదు. బ్యాండ్ స్వయంగా స్టూడియోలో వాయించింది, పాడింది. పాటలన్నీ మేవర్స్ రాసినవి, రచయితగా అతని పేరే ఉంది. కోపమంతా ధ్వని మీద. తర్వాత సంవత్సరాల్లో వేదికలెక్కినప్పుడు అతను ఈ పాటలే పాడాడు.

ఇంకొకటి ఉంది. తలలో మోగే సంగీతం తలలోవాడికి మాత్రమే వినిపిస్తుంది. మనకు దొరికింది ఈ పన్నెండు పాటలు. వీటిని "అసలుది కాదు, అసలుది ఎక్కడో ఉంది" అనుకుంటూ వింటే చెవి ముందున్నది వినపడదు. చాలామంది అభిమానులు అలా ముప్పై ఏళ్లకు పైగా లేని ఆల్బమ్ కోసం ఎదురుచూస్తూ ఉన్న ఆల్బమ్‌ను తక్కువ చేశారు. నా బాధ అదే. మేవర్స్ అసంతృప్తిని గౌరవించండి, అది నిజాయితీగా వచ్చింది. అలాగని అతని చెవులతో వినాల్సిన పని మనకు లేదు.

ఆల్బమ్‌లో వాయించింది ఎవరెవరు?

లీ మేవర్స్ గొంతు, గిటార్. జాన్ పవర్ బేస్, వెనక గొంతు. పీటర్ క్యామెల్ గిటార్. డ్రమ్స్ మేవర్స్ తమ్ముడు నీల్. "దేర్ షి గోజ్" ముందే తీసింది కాబట్టి అందులో డ్రమ్స్ క్రిస్ షారాక్‌వి. ఆయన చాలా ఏళ్ల తర్వాత ఒయాసిస్‌లో చేరాడు.

## విడుదలయ్యాక

ఆల్బమ్ హిట్టా, ఫ్లాపా?

మధ్యస్థం. బ్రిటన్ చార్టులో 30వ స్థానం దాకా వెళ్లింది. 1991 మొదట్లో "ఫీలిన్" సింగిల్‌గా వచ్చి 43 దగ్గర ఆగింది. అమెరికాలో "దేర్ షి గోజ్" రేడియోల్లో బాగానే తిరిగి, ప్రధాన చార్టులో 49కి చేరింది. విమర్శకులు అప్పుడే మెచ్చుకున్నారు. అసలు పేరు మాత్రం తర్వాతి పదేళ్లలో నోటిమాటగా పెరిగింది.

ఒయాసిస్‌కూ ద లాజ్‌కూ సంబంధం ఏమిటి?

ద లాజ్ మొదలుపెట్టినదాన్ని పూర్తిచేయడమే ఒయాసిస్ ఉద్దేశమని ఆ బ్యాండ్ పాటలు రాసిన గిటారిస్టు నోయెల్ గాలఘర్ చెప్పుకున్నాడు. 1990లో డాన్స్ తాళాల మధ్య గిటార్, వరస, గొంతు ఈ మూడింటితోనే నిలబడవచ్చని చూపింది ఈ ఆల్బమ్. నాలుగేళ్ల తర్వాత అదే నమ్మకంతో వచ్చినవాళ్లు స్టేడియాలు నింపారు.

ఒక్క ఆల్బమ్‌తోనే బ్యాండ్ ఎందుకు ఆగిపోయింది?

విడుదల తర్వాత కూడా మేవర్స్ ఈ పాటల్నే మళ్లీ సరిగ్గా రికార్డు చేయాలన్న ఆలోచన నుంచి బయటికి రాలేదు. జాన్ పవర్ దగ్గర సొంత పాటలు పోగవుతున్నాయి. ఒకే పాటల జాబితాను ఏళ్ల తరబడి వాయించి విసిగిపోయి 1991 డిసెంబరులో బయటికి వచ్చాడు, క్యాస్ట్ అనే బ్యాండ్ పెట్టాడు. ఆ బ్యాండ్ తొలి ఆల్బమ్ "ఆల్ చేంజ్" 1995లో పెద్ద హిట్టయింది. దాని ప్రొడ్యూసర్ జాన్ లెకీ. ద లాజ్ మాత్రం ఎప్పుడూ అధికారికంగా ముగిసిపోయిందని చెప్పలేదు. 1990ల మధ్యలో కొన్ని కచేరీలు జరిగాయి. 2005లో మేవర్స్, పవర్ మళ్లీ కలిసి గ్లాస్టన్‌బరీ ఉత్సవంతో సహా పలుచోట్ల వాయించారు. కొత్త రికార్డు మాత్రం రాలేదు.

రెండో ఆల్బమ్ వస్తుందని ఆశ పెట్టుకోవచ్చా?

పెట్టుకోకండి. కొత్త పాటలున్నాయని తరచూ వార్తలు పుడుతుంటాయి, నమ్మి ఎదురుచూసినవాళ్ల జుట్టు నెరిసింది. వస్తే పండగే. రాకపోయినా ఈ పన్నెండు పాటలకు వచ్చే లోటేమీ లేదు.

చాలా ముద్రణలు ఉన్నాయి. ఏది కొనాలి?

మొదటిసారి కొనేవాళ్లకు మామూలు పన్నెండు పాటల ఆల్బమ్ చాలు, సీడీ అయినా రికార్డు అయినా. పాటలు కంఠతా వచ్చాక 2008 డీలక్స్ ముద్రణ చూడండి. దాని రెండో డిస్కులో 1989లో మైక్ హెడ్జెస్‌తో తీసి పక్కన పెట్టేసిన సెషన్లు ఉన్నాయి. కొన్ని పాటల్లో ఊపు ఎక్కువ, కొన్నిచోట్ల పట్టు తక్కువ. లిల్లీవైట్ ఏం చేశాడో, ఏం పోగొట్టాడో మీ చెవులతోనే తేల్చుకోవచ్చు.

2006లో వచ్చిన బీబీసీ సెషన్ల డిస్కు నా దృష్టిలో రెండో తప్పనిసరి కొనుగోలు. గంటల్లో వాయించి ముగించిన రికార్డింగులవి, బ్యాండ్ ఎదురుగా నిలబడి వాయిస్తున్నట్టు ఉంటుంది. 2010 నాటి నాలుగు డిస్కుల పెట్టె ఒకే పాటను పదిరకాలుగా వినడానికి ఓపిక ఉన్నవాళ్లకే. మైక్ బ్యాడ్జర్ కాలం, అంటే 1984-86 నాటి రికార్డింగులు కావాలంటే వైపర్ లేబుల్ వేసిన "లాస్ట్ లాజ్" డిస్కులు వెతకండి. ఆ లేబుల్ నడిపింది బ్యాడ్జర్, పాల్ హెమింగ్సే.

ఇది నచ్చింది. తర్వాత ఏం వినాలి?

ముందు వీళ్లవే సింగిల్స్ వెనకవైపు పాటలు: "నాక్ మి డౌన్", "ఓవర్", "క్లీన్ ప్రాఫెట్". వీటిలో "ఓవర్" ఆల్బమ్‌లో ఉండాల్సిన పాట. తర్వాత క్యాస్ట్ వాళ్ల "ఆల్ చేంజ్". జాన్ పవర్ ఇక్కడ ఏం నేర్చుకున్నాడో అక్కడ తెలుస్తుంది. వెనక్కి వెళ్లాలనుకుంటే ద హూ 1965-67 మధ్య సింగిల్స్, బిగ్ స్టార్ మొదటి రెండు ఆల్బమ్‌లు, నిక్ లో 1978 ఆల్బమ్ "జీసస్ ఆఫ్ కూల్". బిగ్ స్టార్ రెండో ఆల్బమ్ "రేడియో సిటీ"లోని "సెప్టెంబర్ గర్ల్స్"తో మొదలుపెట్టండి.